ఎడమ డోరు

మా బాపు పేరు రాయమల్లు. చొప్పదండిలో కరీంనగర్ రోడ్డు పక్కన మా రేకుల షెడ్డు ఉంటుంది. ముందర విరిగిన బంపర్ల కుప్ప, లోపల పొద్దస్తమానం సుత్తె చప్పుడు. ముప్పై ఎనిమిదేళ్లుగా జిల్లాలో సగం మంది కార్ల సొట్టలు తీసిన మనిషికి మొన్నటిదాకా తన పేరు మీద ఒక పాత స్కూటర్ తప్ప ఇంకే బండీ లేదు.

షెడ్డులోకి బండి రాగానే బాపు ఎవరితోనూ మాట్లాడడు. కుడిచేతి నడిమివేలు మడిచి, కణుపుతో ఒక్కో రేకు మీదా కొట్టుకుంటూ బండి చుట్టూ తిరుగుతాడు. ఒట్టి రేకైతే ఖంగుమని పలుకుతుంది. సొట్ట పడిన చోట పుట్టీ నింపి చదును చేసి, మీద రంగు కొట్టి ఉంటే గోడను కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. పైకి ఎంత నున్నగా కనిపించినా ఆ చప్పుడు మాత్రం అబద్ధం చెప్పదు. పాత బండ్లు కొనేవాళ్లు జగిత్యాల నుంచి కూడా బాపును వెతుక్కుంటూ వచ్చేది అందుకే. బాపు "బాగుంది" అంటే కొంటారు, తల అడ్డంగా ఊపితే వెనక్కి తిరిగిపోతారు.

రెండేళ్ల నుంచి బాపుకు చెవులు వినిపించడం లేదు. అన్నేళ్లు సుత్తె పక్కన చెవి పెట్టి బతికితే ఇంకేమవుతుంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు కాబట్టి బయటివాళ్లకు తెలియలేదు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, కానీ ఒక్కరం కూడా నోటితో అనలేదు. ఆయన అలవాటు ప్రకారం బండి చుట్టూ తిరిగి కొడతాడు, తల ఊపుతాడు. ఆయన టీ తాగడానికి పోయాక నేను వెళ్లి మళ్లీ కొడతాను. ఆయన వదిలేసిన చోట చాక్‌పీసుతో చిన్న గీత పెడతాను. తిరిగొచ్చాక ఆ గీత చూసి, అది తను పెట్టిందే అన్నట్టు పని మొదలుపెడతాడు. వినోదను నేను. పదో తరగతి అయినప్పటి నుంచి ఆ షెడ్డులోనే రంగు కొడుతున్నాను. మా ఊళ్లో స్ప్రే గన్ను పట్టిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందుకు నాకు కొంచెం పొగరు కూడా ఉంది, దాచుకోను.

మస్కట్‌లో ఉన్న మా తమ్ముడు సంపత్ ఈ ఏడు పట్టుబట్టాడు. ఇంటికి కారు ఉండాల్సిందే, అదీ కొత్తది, షోరూం నుంచి వచ్చింది. పాత బండి కొనుక్కుని మనమే తయారు చేసుకుందామని నేనన్నాను. బాపు ఎప్పుడూ నా మాట కాదనడు, ఆ రోజు కాదన్నాడు. "జిందగీ అంత మందికి పడ్డ సొట్టలే చూసిన. ఒక్కసారన్న సొట్ట లేని బండి ఎక్కుత బిడ్డా" అన్నాడు. ఆ మాటతో నేనూ సరేనన్నాను.

కరీంనగర్ బైపాస్ మీద ఉన్న ఆ షోరూంలో అడుగుపెట్టిన పది నిమిషాల్లో మేం ముగ్గురం అరుణ్‌కు చుట్టాలమైపోయాం. అరుణ్ అంటే అక్కడ బండ్లు అమ్మే పిల్లగాడు, టై కట్టుకుని జుట్టు దువ్వుకుని ఉంటాడు. బాపును బాపు అన్నాడు, మా అమ్మ ఐలవ్వను నాలాగే అవ్వ అన్నాడు, నన్ను అక్క అన్నాడు. మూడుసార్లు టీ తెప్పించాడు. బండి నడిపేది నేనని చెప్పినా ఇంజన్ సంగతులన్నీ బాపుకే చెప్పాడు, నాకు మాత్రం లోపలి అద్దం చూపించి "మేకప్‌కు మంచిగుంటది అక్కా" అన్నాడు. నేను నా గోళ్ల కింద ఇరుక్కున్న ప్రైమర్ రంగు చూపిస్తే నవ్వి ఊరుకున్నాడు.

ఆఫర్ ఆ రోజుతోనే ఆఖరన్నాడు. తెల్ల రంగు ఒక్కటే మిగిలిందనీ, దాన్ని కూడా పెద్దపల్లి పార్టీ అడుగుతున్నారనీ అన్నాడు. మేం ఆలోచించుకుంటామని లేస్తే, సంపత్ నంబరు అడిగి తీసుకుని మస్కట్‌కు వీడియో కాల్ చేశాడు. ఫోన్‌ను బాపు ముఖం ముందు పెట్టి, "అన్నా, జర బాపు ముఖం చూడు. గింత సంతోషం ఎన్నడన్న చూసినవా" అన్నాడు. డ్యూటీలో హెల్మెట్ పెట్టుకుని ఉన్న మా తమ్ముడు ఏమంటాడు, కళ్లు తుడుచుకుని సరేనన్నాడు. గల్ఫ్‌లో కొడుకులున్న ఇళ్లవాళ్లు వస్తే ఇక్కడ ముందు ఆ కాల్ చేస్తారని తర్వాత తెలిసింది. ఆ ఆఖరి ఆఫర్ మరుసటి వారం కూడా గోడ మీద అలాగే వేలాడుతూ ఉంది.

మా ఊరి గుడి అయ్యగారు శుక్రవారం పొద్దున పది నలభైకి ముహూర్తం పెట్టాడు. అటునుంచటే వేములవాడ పోయి బండికి పూజ చేయించుకుని, అక్కడి శివుడు రాజన్నకు కోడె కట్టాలని, అంటే గుడి చుట్టూ కోడెదూడను తిప్పి కట్టేయాలని అవ్వ మొక్కుకుంది. ముందటి సోమవారమే వేములవాడ పోయి, కారులో పెట్టుకోవడానికి చిన్న రాజన్న బొమ్మ కూడా కొని తెచ్చింది. వేలెడంత లింగం, పక్కన నంది, తేలికైన ప్లాస్టిక్ మీద ఇత్తడి రంగు. కింద అయస్కాంతం ఉంటుంది. దాన్ని నిలబెట్టడానికి, స్టీరింగ్ ముందర అతికించుకోమని చిన్న ఇనుప బిళ్ల విడిగా ఇచ్చారు.

శుక్రవారం పదింటికే పోయాం. బండి మీద ఎర్ర సాటిన్ బట్ట కప్పి, పైన పూల బొకే పెట్టారు. పక్కన కేకు, అట్టతో చేసిన మనిషెత్తు తాళంచెవి, స్పీకర్లో పాట. అటు పక్కన ఇంకో పెద్ద బండి, దాని మీద కూడా అలాంటి బట్టే. దాని యజమానులు కొండల్‌రావు సారు, ఆయన భార్య నిర్మలాదేవి. మా పక్క ఊళ్లో ఆయనకు ముప్పై ఎకరాలుంటాయి, ఆయన పాత జీపును బాపు ఎన్నిసార్లు బాగు చేశాడో లెక్కలేదు. బాపును చూసి, "ఏం రాయమల్లూ, నువ్వు గూడ షోరూంకే వచ్చినవా" అన్నాడు. అందులో చెడ్డతనం ఏమీ లేకపోవచ్చు, నాకు మాత్రం ఆ గూడ అన్న మాట గుచ్చుకుంది.

మేనేజర్ విద్యాధర్ ఒక అట్టకు బిగించిన కాగితాలు తెచ్చాడు. బండి మంచి స్థితిలో అందిందని సంతకం పెట్టాలి. "బట్ట తీసినంక ఫొటోలు, వీడియో ఉంటాయి, ముహూర్తం దాటిపోతుంది. ముందే పెట్టేయండి రాయమల్లు గారూ" అన్నాడు. అక్కడ అందరూ అలాగే పెడతారట. ముహూర్తం నెత్తి మీద ఉంటే ఎవరు మాత్రం బండి చుట్టూ తిరుగుతారు.

బాపు పెన్ను పట్టుకోలేదు. "బట్ట తియ్యుర్రి. సూడందే సంతకం పెట్ట" అన్నాడు.

బట్ట తీశారు. తెల్లగా మెరుస్తున్న బండిని చూసి అవ్వ చేతులు జోడించింది. బాపు వేలు మడిచి, ముందు బానెట్ మీద కొట్టాడు. అరుణ్ ఫోన్ తీసి, "ఉస్తాద్ చెకింగ్" అంటూ వీడియో మొదలుపెట్టాడు. నలుగురూ చుట్టూ చేరి నవ్వుతున్నారు. బాపు అదేమీ పట్టించుకోకుండా ఒక్కో డోరు మీదా కొడుతూ, తల ఊపుతూ చుట్టూ తిరిగి వచ్చాడు. ఆయన ముఖం చూసి నాకు ముచ్చటేసింది. నేను వెనకాల కొట్టుకుంటూ పోలేదు. కొత్త బండే కదా, షోరూం బండే కదా, ఈ ఒక్కరోజు ఆయన్ను వదిలేద్దామనుకున్నాను. తప్పు నాదే.

"బాగుంది" అన్నాడు బాపు, సంతకం పెట్టాడు.

అరుణ్ నా పక్కకు వచ్చి మెల్లగా, "అక్కా, రెండు మూడు రోజులకు ఒక ఫోన్ వస్తది. పదికి ఎన్ని మార్కులని అడుగుతరు. పది అని చెప్పుర్రి. తొమ్మిదన్నా నాకు జీరో లెక్క" అన్నాడు. సరేలే అని, అవ్వను కేకు దగ్గరికి పిలుస్తూ, ఊరికే, చెయ్యి అలవాటుతో ఎడమ వెనక డోరు మీద కొట్టాను.

మొద్దుగా పలికింది.

మళ్లీ కొట్టాను. ఇంకాస్త కింద కొట్టాను. హ్యాండిల్ కింద నుంచి చక్రం దాకా జానెడు వెడల్పున మొద్దు చప్పుడే. వంగి వెలుతురుకు ఓరగా చూశాను. రంగులో తేడా లేదు, పని తెలిసినవాడే చేశాడు. కానీ డోరు అంచున రబ్బరు కింద సన్నటి గరుకు తగిలింది. టేపు వేసి రంగు కొట్టి, టేపు తీశాక మిగిలే గరుకు అది. పదిహేనేళ్లుగా నేను రోజూ ఎమరీ పేపరుతో రుద్దే గరుకు.

"సార్, గీ డోరుకు పుట్టీ ఉన్నది" అన్నాను.

పాట మోగుతూనే ఉంది. విద్యాధర్ చిరునవ్వు చెదరకుండా, "మేడం, ఇది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి" అన్నాడు.

"ఫ్యాక్టరీల టేపు గరుకు మిగులది సార్. గీ డోరుకు దెబ్బ తగిలింది. సాపు చేసి మల్ల రంగు కొట్టిండ్రు."

ఆయన నాతో వాదించలేదు. అక్కడే ఆయన తెలివి. చుట్టూ చేరినవాళ్ల వైపు తిరిగి, బాపు భుజం మీద చెయ్యి వేశాడు. "మేడం, ముప్పై ఎనిమిదేళ్ల అనుభవం ఉన్న ఉస్తాద్ మీ బాపు. ఇప్పుడే అందరి ముందు ప్రతి డోరూ కొట్టి చూసి బాగుందన్నారు. వీడియో కూడా ఉంది. మీ బాపు మాట కంటే మీ మాట పెద్దదా?"

అవునంటే, కొండల్‌రావు సారు ముందర, ఇరవై మంది ముందర, బాపుకు చెవులు వినిపించవని నేనే చెప్పినట్టు. సాయంత్రానికి ఆ మాట చొప్పదండి చేరుతుంది. రేపటి నుంచి ఆయన కొట్టిన బండిని ఎవరూ నమ్మరు. కాదంటే ఆ డోరును మా ఇంటికి తీసుకుపోవాలి, ఆయన ఎక్కిన ప్రతిసారీ నేను దాన్ని చూస్తూ ఉండాలి. సొట్ట లేని బండి ఒక్కటి కావాలన్న మనిషికి పుట్టీ డోరు అంటగడుతున్నారు, అదీ ఆయన పేరే అడ్డం పెట్టి. వేలు మాత్రం డోరు మీద నుంచి తీయలేదు.

బాపుకు మా మాటలు వినిపించలేదు. కానీ ముందు విద్యాధర్ నవ్వును చూశాడు, తర్వాత నన్ను చూశాడు, తర్వాత డోరు మీదే ఉండిపోయిన నా వేలును చూశాడు. దగ్గరికి వచ్చి, నా ముఖానికి ఎదురుగా నిలబడి, "మొద్దుగున్నదా బిడ్డా?" అని అడిగాడు.

నేను తలూపాను.

బాపు భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత చెవిటివాళ్లు మాట్లాడినట్టు గట్టిగా, షోరూమంతా వినేలా అన్నాడు. "సార్, నాకు చెవులు ఇనస్తలేదు. రెండేండ్లాయె. సుత్తె కొట్టికొట్టి పోయినయి. మా షెడ్డుల వినేది నా బిడ్డ. నేను బాగుందన్నది ఉత్తదే, సిగ్గుకు అన్న. నా బిడ్డ మొద్దుగున్నదంటే మొద్దుగున్నట్టే."

ఎవరో స్పీకర్లో పాట ఆపారు. కొండల్‌రావు సారు బాపును కొత్తగా చూసినట్టు చూశాడు. నాకు ఏడుపొచ్చింది. అది బాధ వల్లనో గర్వం వల్లనో ఇప్పటికీ చెప్పలేను.

విద్యాధర్ వెంటనే తేరుకున్నాడు. "పరేషాన్ కాకండి. లోపలికి రండి, కేబిన్‌లో కూర్చుని మాట్లాడుకుందాం" అని గొంతు తగ్గించి బాపు చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందో ఇనస్తలేదు సార్. జర గట్టిగ చెప్పుర్రి" అన్నాడు బాపు, కదలకుండా.

"లోపల మాట్లాడుకుందాం అంటున్నా."

"ఇంక జర గట్టిగ."

విద్యాధర్ ముఖం ఎర్రబడింది. ఆ కేబిన్ అద్దాల వెనక ఎంతమంది మెత్తబడి బయటికి వచ్చారో నాకు తెలియదు. బాపు మాత్రం బండి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఈడనే మాట్లాడుదాం సార్. మీరు మెల్లగ చెప్తే నాకు వినరాదు, మల్ల నా బిడ్డ తప్పు చెప్పిందంటరు."

"వినోద గారి చెవి మీద నమ్మకంతో నేనేం చెయ్యలేను. ఏదన్నా రుజువుండాలి కదా" అన్నాడు విద్యాధర్. ఈసారి నిజంగానే గట్టిగా.

అప్పటిదాకా పక్కన నిలబడి చూస్తున్న అవ్వ చీర కొంగు ముడి విప్పింది. అందులోంచి రాజన్న బొమ్మ బయటికి తీసింది. అవ్వ ఏనాడూ షెడ్డులో పని చేయలేదు, కానీ మాకు రోజూ అన్నం తెచ్చిపెట్టి అక్కడే కూర్చుని అన్నీ చూస్తుంది. మా షెడ్డులో దారానికి కట్టి వేలాడదీసిన అయస్కాంతం ఎందుకుందో ఆమెకు బాగా తెలుసు. "తప్పు కాయి తండ్రీ" అని బొమ్మను కళ్లకద్దుకుని, కుడి డోరుకు ఆనించింది. టక్కున అంటుకుంది. తీసి ఎడమ ముందు డోరుకు పెట్టింది. అంటుకుంది. వెనక డోరు మీద పెట్టి, కింద ఇంకో చెయ్యి పట్టింది. బొమ్మ జారి ఆమె అరచేతిలో పడింది. మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది. మూడోసారి పెట్టలేదు.

"రేకు దొరుకుతలేదు సార్ దేవునికి. నడుమ ఏందో అడ్డమున్నది" అంది అవ్వ.

కేకు దగ్గర నిలబడ్డ అరుణ్ తల దించుకున్నాడు. ఆ పిల్లగానికి తెలుసని నాకు అప్పుడు అర్థమైంది.

"ట్రైలర్ నుంచి దించేటప్పుడు చిన్న గీత పడింది, అంతే. టచప్ చేశాం. ఇది అందరూ చేసేదే" అన్నాడు విద్యాధర్.

"ఏందంటుండ్రు సార్?" బాపు నన్ను అడగలేదు, ఆయన్నే అడిగాడు.

"గీత పడింది."

"గీతకు పుట్టీ ఎందుకు సార్? గీతకు మేం పాలిష్ కొడ్తం" అన్నాను నేను.

"ఇనస్తలేదు" అన్నాడు బాపు.

విద్యాధర్ కళ్లు మూసుకుని తెరిచాడు. "సొట్ట పడింది. పుట్టీ పెట్టాం" అని అరిచాడు. ఆ మాట లోపల సర్వీస్ కౌంటర్ దాకా వినిపించింది.

అటు పక్క నుంచి నిర్మలాదేవి లేచి వచ్చింది. పట్టుచీర, చేతిలో పూజ పళ్లెం. కొండల్‌రావు సారు వద్దని సైగ చేస్తున్నా ఆగకుండా, "బిడ్డా, జర మా బండి గూడ కొట్టి చూడవా" అంది. ఆమె వెనక, బుకింగ్ కోసం వచ్చిన ఇద్దరు ముగ్గురు కూడా లేచారు. నేను పోయి వాళ్ల బండి చుట్టూ తిరిగి కొట్టాను. ఖంగుమంది, అంతటా ఖంగుమంది. వాళ్ల బండి బాగానే ఉందని చెప్పాను, లేని తప్పు ఎందుకు చెప్పాలి. అప్పుడు కొండల్‌రావు సారు సంతకం పెట్టాడు. చూసి పెట్టాడు.

ఆ తర్వాత విద్యాధర్ వరుసగా మొదలుపెట్టాడు. సీటు కవర్లు ఉచితమన్నాడు. రెండేళ్లు సర్వీస్ ఉచితమన్నాడు. ధరలో కొంత తగ్గిస్తానన్నాడు. ఒక్కోదానికీ బాపు తల అడ్డంగా ఊపాడు. పది నలభై అయింది, పదకొండైంది. విద్యాధర్ చివరి ఆయుధం అవ్వ మీద తీశాడు. "అవ్వా, ముహూర్తం దాటిపోయింది. మీకు మొక్కు ఉందంట కదా."

అవ్వ ఇబ్బందిగా బాపును చూసి, ముహూర్తం అంటూ పెదాలు కదిపింది. ఆమె నోటి కదలికను బట్టి బాపుకు సంగతి అర్థమైనట్టుంది. "ముహూర్తం బండికి పెట్టిచ్చినం సార్, పుట్టీకి పెట్టియ్యలే" అన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు వేరే బండి ఇస్తామని కాగితం మీద రాసి ముద్ర వేశారు. ఈ బండికి రిపేరైందని కూడా రాసివ్వమంటే మాత్రం ససేమిరా అన్నారు. నేను డోరు తీసి, లోపల అంచున ఉన్న చాసిస్ నంబరును ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. ఎందుకని విద్యాధర్ అడిగాడు. నా అలవాటని చెప్పాను.

బస్సులో ఇంటికి వచ్చాం. కారు కోసం పోయి బస్సులో రావడమేంటని ఎవరైనా అడుగుతారేమోనని అవ్వ బొకేను షోరూంలోనే వదిలేసింది. సగం దారి దాటేదాకా బాపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నా ఎనకాల కొట్టుకుంట వచ్చుడు ఎప్పటి సంది?" అన్నాడు.

రెండు వేళ్లు చూపించాను.

"నాకెర్కనే. చాక్‌పీసు గీతలు కనవడయి అనుకున్నవా. చెవులు పోయినయి గని కండ్లు పోలే" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. మా ఇద్దరి చేతులకూ రంగు వాసన, ఎన్నిసార్లు కడిగినా పోదు.

మాట ఊళ్లోకి వచ్చింది, అనుకున్నట్టే. ఆ వారం రెండు బండ్లు వేరే షెడ్డుకు పోయాయి. వచ్చినవాళ్లకు బాపు తానే ముందుగా, "నాకు వినరాదు, కొట్టి చెప్పేది నా బిడ్డ. సాపు చేసేది నేను" అని చెప్పాడు. కొందరు మొహం తిప్పుకుని పోయారు. పోతే పోయారు.

పన్నెండో రోజు ఇంకో బండి వచ్చింది. బట్ట కప్పలేదు, కేకు లేదు, వాళ్లు పెట్టలేదు, మేం అడగలేదు. నేను కొడుతుంటే బాపు ప్రతి రేకు మీదా అరచెయ్యి పరిచి పట్టుకున్నాడు. ఖంగుమన్న చోట చేతికి సన్నగా వణుకు తెలుస్తుందట. నాలుగు డోర్లూ అయ్యాక నా ముఖం చూశాడు. నేను "బాగుంది" అన్నాక సంతకం పెట్టాడు. నేను నడిపాను, ఆయన నా పక్కన కూర్చున్నాడు, వెనకాల అవ్వ. వేములవాడ పోయి పూజ చేయించి, కోడె కట్టి వచ్చాం. దారి పొడవునా బాపు డోరు లోపలి వైపు చెయ్యి ఆనించే ఉంచాడు.

మంగళవారం షెడ్డులో ఉండగా బాపు ఫోన్ మోగింది. రెండుసార్లు హలో అని, ఫోన్ నాకిచ్చి, "ఎవరో ఏందో. నాకు వినరాదని చెప్పి నువ్వు మాట్లాడు" అన్నాడు. పక్కన ముగ్గురు గిరాకీలున్నారు. ఆ మాట అనడానికి ఆయనకు ఇప్పుడు ఏ సిగ్గూ లేదు.

"నమస్తే మేడం, షోరూం నుంచి నవతను మాట్లాడుతున్నాను. మీ కారు డెలివరీకి పదికి ఎన్ని మార్కులు ఇస్తారు?" చదివినట్టు గడగడా అడిగింది.

"ఇస్త. మొదలు నాకొక్కటి చెప్పు. మాకు ముందు చూపిచ్చిన తెల్ల బండి యాడున్నది? నంబరు చెప్త, కంప్యూటర్ల చూడు." ఫోన్‌లో దాచుకున్న ఫొటో తీసి చాసిస్ నంబరు చదివాను.

అటు నుంచి మీటలు నొక్కుతున్న చప్పుడు. మళ్లీ మాట్లాడినప్పుడు ఆ పిల్ల గొంతు బాగా తగ్గింది, మేడం కాస్తా అక్క అయింది. "అక్కా, గా బండి అమ్ముడువోయింది. గురువారం డెలివరీ. జమ్మికుంట పార్టీ."

"డోరు సంగతి వాళ్లకు చెప్పిండ్రా?"

"నాకు మార్కులడగుమనే చెప్తరక్కా. గవన్ని నాకు చెప్పరు."

"కొడుకులు దుబాయిల ఉన్నరా వాళ్లకు?"

"ఉన్నడక్కా ఒకడు. వీడియో కాల్ చేసిండ్రు."

నేను గోడకున్న క్యాలెండర్ వైపు చూశాను. "ముహూర్తం ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నరకు." భయంగా అడిగింది. "మార్కులు ఎన్ని రాయాలె అక్కా?"

"నీకైతే పదికి పది రాసుకో" అని ఫోన్ పెట్టేశాను.

బాపు సుత్తె పక్కన పెట్టి నన్నే చూస్తున్నాడు. నేను ఆయనకు ఎదురుగా పోయి, నా పెదాలు ఆయనకు కనిపించేలా నిలబడి, "ఎడమ డోరు బండి. గురువారం. తొమ్మిదిన్నర" అన్నాను.

ఆయన బయట నిలిపిన మా కారు డోరు తీసి, స్టీరింగ్ ముందర ఇనుప బిళ్ల మీద నిలబడ్డ రాజన్నను మెల్లగా ఊడదీశాడు. తువ్వాలతో తుడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఎనిమిదింటికే ఎల్లాలె. అవ్వను గూడ తయారుగుండుమను" అన్నాడు.